వంక పొంగిన రోజు మా అత్తను మోసిన కుర్చీ

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మాది ఆదోనిలో వంక పక్కనే ఉన్న మట్టిగోడల ఇల్లు, నేను పత్తి మిల్లులో కూలికి పోతాను. మా అత్త మరియమ్మకు పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. ముందటేడు వానలకు వంక పొంగి ఇంట్లోకి నీళ్లు వచ్చి, మంచం మీదున్న ఆమె గొంతు దాకా లేచాయి, నా భర్త ఈదుకుంటూ వచ్చి లాగితే బతికింది. ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. మబ్బు కమ్మితే చాలు, మిల్లులో పని వదిలేసి ఇంటికి పరుగెత్తేదాన్ని, అన్నం సహించేది కాదు. ఈ ఊరికి వానే వద్దని కూడా ఉపవాసముండి ప్రార్థించాను! మెట్టచేల సీమలో ఎవరైనా అట్లా అడుగుతారా!

ఒకరోజు నేను మోకాళ్ల మీద ఏడుస్తుంటే అత్త పిలిచింది.

"అమ్మీ, నోవహు వాన పడినాంక ఓడ కట్టినాడా? ముందే కట్టినాడు గదా. ఏడ్సింది సాలు, నన్ను యెట్ల మోసుకపోవాల్నో సూడు."

దేవుడే ఆమె నోట ఆ మాట పలికించాడు. నా భర్త పాత కుర్చీకి రెండు పక్కలా వెదురు బొంగులు కట్టాడు. బియ్యం అటకెక్కించాము, నీళ్లు వస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపాలనుకున్నాము, ఎత్తైన గట్టు మీదున్న మన మందిరం దాకా అత్తను మోసి చూశాము. వీధంతా నవ్వింది. "పెండ్లికూతురి మాదిరి ఊరేగిస్తాండారు" అని అత్తా నవ్వింది.

ఈ ఏడు ఒక మధ్యాహ్నం కుండపోత మొదలైంది, నేను ఇంట్లోనే ఉన్నాను గానీ నా భర్త బండిలో ఎమ్మిగనూరుకు సరుకు లోడు తీసుకుపోయాడు. వంక హోరు వినగానే స్విచ్ ఆపి, అత్తను కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలతో కట్టి, "ప్రభువా, నేనొక్కదాన్నే ఉండాను, తోడు రా!" అని కేక పెట్టాను. అది విని పక్కింటి చాంద్‌బీ అక్క పరుగున వచ్చింది. "నువ్వు ముందు పట్టు, ఎనక నేనుండాను" అంది. మోకాలిలోతు నీళ్లలో జారుతూ, యేసయ్యా యేసయ్యా అంటూ మందిరం చేరాము. నీళ్లు తగ్గాక వచ్చి చూస్తే గోడ కూలి అత్త మంచం నుజ్జయి ఉంది!

ఇప్పటికీ ఉరిమితే గుండె ఝల్లుమంటుంది, అయినా అన్నం తింటున్నాను, పనికి పోతున్నాను, దేవునికే మహిమ! వంక పక్కన కాపురముండే నా వాళ్లారా, ప్రార్థించండి, మీ ముసలివాళ్లను ఎట్లా మోయాలో ముందే చూసుకోండి. భయమేస్తే గట్టెక్కి రండి, మీరెవరని అడగము, మందిరం తలుపు తీసే ఉంటుంది, వాన ముదరకముందే మేము మోసుకొచ్చిన అత్త లోపల మీకోసం ప్రార్థిస్తూ ఉంటుంది.