షాకాస్‌క్రాల్ బోరు నీళ్లు

1996 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని స్టాంగర్ వ్యవసాయ కార్యాలయంలో నీటిపారుదల అధికారిగా చేరాను. అనకాపల్లిలో పదకొండేళ్లు చేసిన పనే. కాకపోతే ఇక్కడ మూడు పాత శాఖలను కలిపి ఒకటి చేస్తున్న రోజులు. ఏ ఫారం చెల్లుతుందో, ఎవరి సంతకం కావాలో చెప్పే నాథుడు లేడు.

మొదట అప్పగించింది షాకాస్‌క్రాల్ దగ్గర సారా ఆంటీ పొలం. ఆవిడ పూర్వీకులు విశాఖ వైపు నుంచి చెరకు కూలికి వచ్చినవారు. రెండెకరాల ఇసక నేల, చెరకు సారమంతా పీల్చేసిన భూమి. అందులో డ్రిప్ మీద హైబ్రిడ్ స్వీట్‌కార్న్ పండించి చూపాలి. ఇసకలో నీరు నిలవదు కనుక రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా, ఎరువు కూడా ఆ నీటితోనే ఇవ్వాలి. కాగితం మీద అంతా చక్కగా ఉంది.

మొక్క మోకాలెత్తు వచ్చేసరికి లేటరల్ పైపులకు, అంటే సాళ్ల వెంట పరిచే సన్న గొట్టాలకు, చిల్లులు కనబడ్డాయి. ఆంటీ దబ్బనంతో పొడిచింది. చిల్లుల దగ్గర నీరు చిమ్మిపోయి సాలు చివర మొక్కలు వాడుతున్నాయి. అతుకులు వేయించాను. డ్రిప్‌లో పైనంతా తడి కనబడదని, వేరు దగ్గరే తడుస్తుందని వివరించాను. వారం తిరక్కుండా మళ్లీ చిల్లులు.

"పైప్‌లో అమాంజీ రాదు బాబూ," అంది. అమాంజీ అంటే జూలూలో నీళ్లు, మీలీ అంటే ఇక్కడి వాడుకలో మొక్కజొన్న. "మీలీ సచ్చిపోతాది. నేను చూస్తా కూకోవాలా?"

ఇంకోసారి దబ్బనం పట్టుకుంటే సామానంతా ఎత్తుకుపోతానన్నాను. మూడోసారీ చిల్లులు చూశాక విసిగిపోయి, రైతుకు శ్రద్ధ లేదు, పరికరాలు వెనక్కి తీసుకోవాలని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని పై అధికారికి నివేదిక పంపేశాను.

తర్వాతి సోమవారం వెళ్తే ఆంటీ కూరగాయల కత్తితో గొట్టాన్ని నిలువునా కోసి నా చేతిలో పెట్టింది. లోపలంతా ఎర్రటి జిగురు.

"బుక్కు చదివినావు కదా, ఇది ఏమి?"

బోరు నీటిలో ఇనుము. గాలి తగిలితే తుప్పుగా మారి డ్రిప్పర్ల రంధ్రాలు పూడ్చేస్తుంది. నేను ఉప్పుకు పరీక్ష చేయించాను, ఇనుముకు చేయించలేదు. పాత ఫారంలో ఆ గడి లేదు. లేదేమని నేనూ అడగలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఎత్తున ట్యాంకు కట్టి, నీటిని గాలిలో జల్లుగా పడనిచ్చి, తుప్పు అడుగుకు దిగాక ఫిల్టరు గుండా వదలాలి. ఆ ఫిల్టరుకు సంతకాలు పూర్తయ్యేలోగా పంట పీచు వేసింది. గింజ కట్టే ఆ దశలో నీరు లేకపోతే కంకి బోసిపోతుంది. ఆంటీ, కోడలు, నేను బకెట్లతో మోసి పన్నెండు సాళ్లు దక్కించాం. మిగతా కంకులను ఒలిచి చూసిన వ్యాపారి ఖాళీ లారీ తిప్పుకుపోయాడు. ఆంటీ ఉన్న కంకులనే స్టాంగర్ బస్సుల దగ్గర ఉడకబెట్టి అమ్ముకుంది.

తప్పు నాదని రెండో నివేదిక రాశాను. పై అధికారి ఫోన్ చేసి, రెండింటిలో ఏది నమ్మమంటారని విసుక్కున్నారు. రెండోదే అన్నాను. పరికరాలు ఉంచారు. మొదటిదాన్ని ఫైలులోంచి తీయడం మాత్రం కుదరదన్నారు. తర్వాతి పంట నిండుగా గింజ కట్టింది. ఆంటీ మాత్రం, "ముందే చూసుంటే పోయేది కాదు గదా," అంది.

రైతు వేసిన మందు తప్పయినంత మాత్రాన చెప్పిన జబ్బు తప్పు కాదు. నీళ్లు రావడం లేదని ఆవిడ చెబుతూనే ఉంది. నేను చిల్లులు చూశాను, గొట్టం లోపల చూడలేదు.