దర్జీ మిగిల్చిన రెండు గ్లాసులు

దర్జీ ఏ బట్ట కుట్టినా లోపల అంగుళం గుడ్డ మడిచి వదిలేవాడు, రేపు మనిషి లావెక్కితే విప్పుకోవచ్చని. ఆ పని నేర్పింది అన్నయ్యే. ఆ అన్నయ్య నిరుడు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. విరేచనంలో రక్తం పడుతుంటే మొలలే అనుకుని, ఏడాదిపాటు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. పోయేనాటికి యాభై రెండేళ్లు.

దర్జీకి నలభై ఏడు. పెళ్లీ పెటాకులూ లేవు, కొట్టు వెనక గదే ఇల్లు. వదినకు ఇప్పుడు అతని మీదే బెంగ. పరీక్ష చేయించుకోమంటూ కొట్టుకొచ్చి కూర్చుంది.

"నాకేం వదినా, గుండ్రాయిలా ఉన్నాను."

"మీ అన్నయ్యా ఇలాగే అనేవారు."

అతను మిషను ఆపేశాడు. మర్నాడే ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు.

అక్కడ నర్సు ఓపిగ్గా విడమరిచింది. ఏ బాధా లేనివాళ్లు ముందుజాగ్రత్తగా చేయించుకునేవి ముఖ్యంగా రెండు పరీక్షలట. ఒకటి, ఇంట్లోనే విరేచనం కాస్త చిన్న సీసాలో తీసి ఇవ్వడం. కంటికి కనపడని రక్తం ఉంటే అందులో తెలుస్తుంది, కానీ ఏటా చేయించుకోవాలి. రెండోది, మత్తిచ్చి కెమెరా గొట్టంతో పేగంతా చూడటం. లోపల అదనంగా పెరిగిన చిన్న కండలేమైనా ఉంటే అప్పుడే కత్తిరించేస్తారు.

"నాకు ఆ సీసా చాలదామ్మా?"

"వేరేవాళ్లకైతే చాలు. మీ సొంత అన్నయ్యకే వచ్చింది, అదీ అరవై దాటకుండా. మీకు కెమెరాయే మంచిది."

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. రోజూ పదిమంది నడుములకు టేపు చుట్టే మనిషికి, తన ఒంటిమీద ఒకరు చెయ్యి వేస్తారంటే చచ్చేంత సిగ్గు.

అయినా, పేగు శుభ్రం కావడానికి ముందురోజు తాగమని ఇచ్చిన మందు తాగి వెళ్లాడు. పేగు శుభ్రం కాలేదు, లోపల సరిగ్గా కనపడలేదు, మళ్లీ రమ్మన్నాడు డాక్టరు.

"విరేచనాల మందంతా తాగావా?" అని అడిగింది వదిన.

"రెండు గ్లాసులు ఉంచాను."

"ఎందుకూ?"

"చాలకపోతే తర్వాత సర్దుకోవచ్చని. ఉన్నదంతా ఒకేసారి వాడేస్తే ఎలా?"

తిట్టాలో నవ్వాలో ఆవిడకు తెలియలేదు. "అది పంట్లాం కాదు నాయనా, పేగు."

రెండోసారి అతన్ని తన ఇంట్లోనే ఉంచుకుంది. మందు కలిపిన కూజా, గ్లాసు పట్టుకుని స్నానాల గది బయట పీట వేసుకు కూర్చుంది.

"వెళ్లిపో వదినా, సిగ్గేస్తోంది."

"మీ అన్నయ్యకు ఆఖరి నాలుగు నెలలూ అన్నీ నేనే చేశాను. నా దగ్గర నీకు సిగ్గేమిటి?"

అతను లోపలి నుంచి తలుపు దగ్గరికొచ్చాడు.

"అన్నయ్య కూడా సిగ్గుపడేవాడా?"

"మొదట్లో. అందుకే నాతో కూడా చెప్పలేదు."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చింది. "ఇంకో గ్లాసు ఇవ్వు."

ఈసారి పేగంతా తేటగా కనిపించింది. చిన్న కండ ఒకటి ఉంటే తీసి పరీక్షకు పంపారు. మత్తు పూర్తిగా వదలక ముందు అతను "అన్నయ్యా, అయిపోయిందా?" అన్నాడు. వదిన అతని నుదుటి మీద చెయ్యి ఉంచింది. "అయిపోయింది, పడుకో."

వారానికి కాగితం వచ్చింది. ఆవిడకు చదువు అంతంతమాత్రం, అతని చేతే చదివించుకుంది. ఆ కండలో క్యాన్సర్ లేదు. వదిలేస్తే ఏళ్లు గడిచాక అలా మారగల రకమే గానీ, మొత్తం తీసేశారు. అయిదేళ్లకు మళ్లీ చూపించుకోవాలి.

"ఏదీ, ఇంకోసారి చదువు," అంది వదిన.

అతను గొంతు సవరించుకుని మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.