మోకాళ్లూనిన ఆదివారం

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇస్తారు. బలిపీఠం ముందున్న చెక్క కమ్మీ దగ్గర వరసగా మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. పెళ్లయినప్పటి నుంచి నేనూ నా భార్యా పక్కపక్కనే మోకాళ్లూనేవాళ్లం. రిటైరయ్యాక నా కుడి మోకాలు బిగుసుకుపోయింది. ఆమె మోకరిస్తే నేను నిలబడేవాణ్ణి. పాస్టరు గారు ఏమీ అనలేదు. ఆమె తల మీదుగా చెయ్యి చాపి పుచ్చుకుంటుంటే నాకే పరాయివాణ్ణన్నట్టు ఉండేది.

ఎముకలో తేడా లేదు, కదలిక తగ్గి పట్టేసిందని డాక్టరు గారు చెప్పి, వట్లూరులో పెద్దవాళ్ల కోసం ఒక ఫిజియోథెరపిస్టు నడిపే క్లాసుకు వెళ్లమన్నారు. ఆమెది మా అమ్మాయి వయసు. కుర్చీ పట్టుకుని నెమ్మదిగా వంగడం, చాప మీద పడుకుని మోకాలు గుండె దగ్గరికి తెచ్చుకోవడం, ఊపిరి వదులుతూ కాలు చాపడం. చూసేవాళ్లకు పనేమీ చెయ్యనట్టే ఉంటుంది.

ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "నొప్పిగా ఉందాండీ?" అని అడిగేది.

"పర్వాలేదండీ," అనేవాళ్లం అందరం. పొద్దున్నే వచ్చి అంత ఓపిగ్గా నేర్పుతున్న పిల్లతో బాధగా ఉందంటే ఏం బాగుంటుంది? మా మాట నమ్మి ఇంకాస్త వంచమనేది. వంచేవాళ్లం. నా డైరీలో మాత్రం వారం వారం ఒకే ముక్క: మోకాలు యథాతథం.

ఒకరోజు క్లాసయ్యాక మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు నడిపి ఇక్కడ స్థిరపడిన ఒకాయన మా క్లాసులోనే ఉండేవారు.

"ఏవండీ మేష్టారూ, బస్సు కోసమా?" అన్నారు.

"మోకాలు పట్టేసిందండీ."

"లోపల పర్వాలేదన్నారు కదండీ."

"మీరూ అన్నారుగా."

"నా నడుం విరిగిపోతోందండీ. ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని."

వెనకే వస్తున్న ఆ అమ్మాయి అంతా వింది.

మర్నాడు రాగానే, "పర్వాలేదండీ అన్నవాళ్లను ఇంటికి పంపేస్తానండీ. ఎక్కడ పట్టిందో చెప్పండి, అక్కడే ఆపుదాం," అంది.

"అయితే వినమ్మా, మెడ దగ్గర్నుంచి మొదలెడతాను," అన్నారు మిల్లాయన. అందరం నవ్వాం.

నా వంతు వచ్చినప్పుడు, "ఇక్కడ లాగుతోందమ్మా," అన్నాను. తొడ కింద దుప్పటి మడత పెట్టి, అంతవరకే వంచమంది. అప్పటి నుంచి మోకాలు కొద్దికొద్దిగా మాట వినసాగింది.

చలికాలంలో ఒక మొదటి ఆదివారం కమ్మీ పట్టుకుని ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడిది ఆనించాను. దిగడం సరే, లేవడం మాటేమిటి? వెనక వరస వేచి ఉంది.

"చెయ్యివ్వనాండీ?" అని నా భార్య గొంతు తగ్గించి అడిగింది.

పర్వాలేదు అనబోయి, "కొంచెం ఆగు. కాలు పట్టింది," అన్నాను. ఆగింది. ఊపిరి వదిలి, ఎడమ పాదం ఊని లేచాను. తీరా చూస్తే ఆమె ఇంకా లేవలేదు, లేవడానికి నా చెయ్యి పట్టుకుంది.

బెంచీ దగ్గరికొచ్చాక చెప్పింది. "నాకూ ఎప్పటి నుంచో నొప్పేనండీ. ఇద్దరం నిలబడితే ఏం బాగుంటుందని."

సోమవారం క్లాసుకు రెండు చాపలు తీసుకెళ్లాం.