నీళ్ళు విడిపోయిన చోటు

స్తోత్రం ప్రభువా. ఎండకూ మంచుకూ ఆ మంచు కరిగి పారే నీటికీ హద్దులు పెట్టినవాడివి నువ్వే. ఆ హద్దులు మాకు తెలియని రోజున కూడా మమ్మల్ని వాటి లోపలే నిలిపి కాపాడావు. ఇన్నేళ్ళ తరువాత కూర్చుని ఈ నాలుగు మాటలు రాసుకునే ఊపిరి ఇచ్చావు. మహిమ నీకే కలుగును గాక.

నా చిన్నప్పుడు, లోకమంతా ముక్కూ మూతీ కప్పుకుని తిరిగిన ఆ మహమ్మారి ఏళ్ళలో, మేము జర్మనీలో మ్యూనిక్ నగరం చివర ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఆఫీసు పని చేసేవాడు. బడి మూసేశారు. మా అమ్మ విశ్వవిద్యాలయంలో ఏరులనూ వాగులనూ కొలిచే పని చేసేది. నాలుగో మనిషి మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న. కోనసీమ నుంచి చలికాలంలో మమ్మల్ని చూడటానికి వచ్చాడు. తిరిగి వెళ్దామనుకునే సరికి విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగించుకోవడానికి ఆఫీసులో టెర్మిన్, అంటే ముందుగా ఖాయం చేసుకునే సమయం, దొరక్క నాన్న రోజూ తంటాలు పడుతుంటే, తాతయ్య మాత్రం నవ్వేవాడు. "దేవుడి దగ్గరికి ఏ వేళప్పుడైనా వెళ్ళచ్చు గానీ అల్లుడూ, ఈ దేశంలో గుమస్తా దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం టెర్మిన్ ఉండాలంటావు" అనేవాడు.

ఊళ్ళో ఆయన సంఘ పెద్ద. అమ్మమ్మ తొందరగా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, అమ్మను ఆయన ఒక్కడే పెంచాడు. ఇక్కడ మా తెలుగు సంఘం కూడుకునే హాలుకు తాళం పడ్డాక, ఆదివారం ప్రార్థన ఫోను మీదే ఆయన నడిపేవాడు. పాట మధ్యలో ఆయన గొంతు ఆగిపోయి, పక్క గదిలో మేము చూసే తెర మీద నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయేవాడు. నేను నవ్వు ఆపుకోలేక బల్ల కింద దూరేదాన్ని.

ప్రతి వేసవి మొదట్లో అమ్మకు తప్పని పని ఒకటి ఉండేది. ఆల్ప్స్ కొండల్లో, దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం దగ్గర, కొద్దిగా మిగిలిన హిమానీనదం ఒకటి ఉంది. దాని మంచు కరిగి, కింద రాళ్ళ మైదానంలోకి ఏరుగా దిగుతుంది. దిగిన ఏరు ఒక్కటిగా ఉండదు. తెచ్చిన రాళ్ళనే అడ్డం వేసుకుని, పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలుతుంది. నిరుడు నీళ్ళు పారిన చోట ఈసారి పొడి గులకరాళ్ళు ఉంటాయి. ఏ పాయ ఎటు జరిగిందో కొలిచి పటం గీయడం అమ్మ పని. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన దుర్బిణి లాంటి పరికరంలోంచి ఆమె చూస్తుంది. ఇంకొకరు అద్దం బిగించిన పొడుగాటి కర్ర పట్టుకుని ప్రతి పాయ అంచునా నిలబడాలి.

ఆ పనికి ఎప్పుడూ విద్యార్థులు వెళ్ళేవారు. ఆ ఏడు ఒకే ఇంటివాళ్ళు తప్ప ఇతరులు ఒక కారులో ఎక్కకూడదన్నారు. నాన్నకు సెలవు దొరకలేదు. అమ్మ దిగాలుగా కూర్చుంటే తాతయ్య లేచి చొక్కా చేతులు మడిచాడు. "కర్ర పట్టుకు నిలబడ్డానికి డిగ్రీ కావాలా? నేను లేనూ?" అన్నాడు. నన్ను ఇంట్లో పెట్టి తలుపు వేసుకుని పని చేసుకోవడం నాన్నకు కుదరదు కనుక, నేనూ బయల్దేరాను.

అక్కడ అటవీ శాఖ వాళ్ళ చెక్క గుడిసెలో దిగాం. మరునాడు పొద్దున్నే ఏటి దగ్గరికి వెళితే, నీళ్ళు తాతయ్య చీలమండలు దాటి కాస్త పైకి వచ్చాయి, అంతే. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. పాయలన్నీ కింద ఒక ఇరుకులో కలిసి ఒక్కటవుతాయి. అక్కడైతే రెండు అంగల్లో అవతలికి చేరొచ్చు. ఆయన అక్కడే దాటాడు. దాటే ముందు అమ్మ గట్టిగా చెప్పింది. ఇక్కడ వరద వానతో రాదు, ఎండతో వస్తుంది, ఎండెక్కితే పైన మంచు కరుగుతుంది, కనుక మధ్యాహ్నానికి ముందే ఇవతలికి వచ్చేయాలి అని. ఆయన తలూపాడు. ఆ ఊపులో నమ్మకం లేదని నాకే తెలిసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గోదావరి పక్కన బతికిన మనిషి. వరదంటే ఆయనకు నల్లటి మబ్బూ, ఎగువన వానా, ఎర్రటి నీళ్ళూ. ఎండకు పొంగే ఏరు ఆయన ఎరుకలో లేదు.

అవతల కర్ర పాతుకుంటూ, పాటలు పాడుకుంటూ ఆయన ఎంతో సంతోషంగా తిరిగాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఒకరికి బరువైపోయానని ఆయన మనసులో ఉండేదేమో. ఆ రోజు కూతురికి పనికొచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అమ్మ వాకీటాకీ లాంటి చేతి రేడియోలో ఆయన్ను పిలిచింది.

"నాన్నా, ఇంక వచ్చెయ్యండి."

"ఇదిగో, ఒక్క వంపు మిగిలిందమ్మాయ్. దీని కోసం మళ్ళీ రేపు రావాలా?"

"నీళ్ళు పెరుగుతాయి నాన్నా."

"ఏ నీళ్ళే? ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటేనీ! గోదారి గట్టున పుట్టినోణ్ణి, నాకు వరద గురించి చెప్తావా?"

నేను రేడియో లాక్కున్నాను. కంగారు పడితే నా నోట జర్మనే వచ్చేది. "తాతయ్యా, ష్నెల్! ష్నెల్!" అని, త్వరగా రమ్మని అరిచాను.

"నీ ష్నెల్లూ గిన్నెల్లూ నాకు తెలీవు గానీ, ఆ పులిహోర డబ్బా మూత తియ్యి. వచ్చేత్తన్నాను."

ఆయన ఆ వంపు ముగించుకుని వచ్చేసరికి ఏరు మారిపోయింది. తేటగా ఉన్న నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లబడ్డాయి. నీటి అడుగున రాళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు మా కాళ్ళ కింది నేలలోంచి వినిపించింది. తాతయ్య పొద్దున దాటిన ఇరుకు దగ్గరికే వచ్చి కాలు పెట్టాడు. ఒక్క అడుగే. నీళ్ళు తొడల దాకా లేచి ఆయన్ను పక్కకు తోసేశాయి. కర్ర నేలలో గుచ్చి ఎలాగో నిలదొక్కుకుని వెనక్కి పడ్డాడు. రేడియో చేతిలోంచి జారి కొట్టుకుపోయింది.

లేచి నిలబడ్డాడు. నడుం దాకా తడిసి వణుకుతున్నాడు. ఆయనకు చక్కెర జబ్బు. పొద్దున్నుంచి సరిగా ఏమీ తినలేదు. చల్లబడ్డాక రాత్రికి నీళ్ళు తగ్గుతాయి గానీ, ఆ తడి బట్టలతో ఆయన అంతదాకా ఉండలేడు. ఫోను అందదు. ఎంత అరిచినా ఏటి హోరులో ఒక్క మాట అవతలికి చేరదు. అమ్మ చేతులు ఊపుతూ ఎగువకు చూపించింది. అక్కడ మైదానం నిండా నీళ్ళు పరుచుకుని తళతళలాడుతున్నాయి. ఆయన అటు చూసి తల అడ్డంగా ఊపాడు. అంత వెడల్పున్న నీళ్ళలో ఎవరైనా దిగుతారా అన్నట్టు ఇరుకునే చూపించాడు. కర్ర సరిచేసుకున్నాడు. మళ్ళీ అక్కడే దిగబోతున్నాడని మాకు అర్థమైంది.

దిగే ముందు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థిస్తున్నాడని తెలిసి నేనూ మూసుకున్నాను. సండే స్కూల్లో విన్న కథ, దేవుడు తన జనం కోసం సముద్రాన్ని రెండుగా చీల్చి దారి ఇచ్చిన కథ, నా కళ్ళ ముందు ఉంది. ప్రభువా, నీళ్ళను విడదీయి, మా తాతయ్య పొడి నేల మీద నడిచి రావాలి అని అడిగాను. పిల్లలు అడిగినట్టు, ఇప్పుడే కావాలని అడిగాను. కళ్ళు తెరిచి చూస్తే నీళ్ళు ఎప్పటిలాగే దూకుతున్నాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకెళ్ళింది. ఆయనకు ఎదురుగా నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టింది. నా జడ పిడికిట్లో పట్టుకుని పైకెత్తి చూపించి, ఇరుకు వైపు వేలు పెట్టి, వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఆడించింది. తరువాత రబ్బరు బ్యాండు పీకేసి గబగబా జడ విప్పింది. మూడు పాయలనూ విడదీసి, వేళ్ళ మధ్య వెడల్పుగా పరిచి ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో ఎగువకు చూపించింది. జుట్టు లాగుతుంటే నాకు నొప్పి. అమ్మకు మతి పోయిందేమో అని భయం.

మెడ తిప్పి చూశాను. తాతయ్య కదలకుండా మా వైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు తల్లి లేని మా అమ్మకు బడికి వెళ్ళే ముందు రోజూ జడ వేసింది ఆయనే. అల్లిన జడ తాడులా చేతిని లాగుతుందనీ, విప్పితే ఒక్కో పాయ వేళ్ళ మధ్య ఎంతో పల్చగా ఉంటుందనీ ఆయన చేతులకు తెలుసు. చూస్తూ చూస్తూ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. వెనుదిరిగి ఎగువకు నడిచాడు. ఇవతలి ఒడ్డున మేమూ ఆయనతో పాటే పైకి నడిచాం.

మైదానం వెడల్పైన చోట ఏరు చాలా పాయలుగా చీలి ఉంది. ఆయన మొదటి దానిలో దిగాడు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. దాటి గులకరాళ్ళ దిబ్బ మీద ఆగి, తల పైకెత్తి, పెదవులు కదిపాడు. తరువాతి దానిలో మోకాళ్ళ దాకా వచ్చాయి. కర్ర ముందు వేసుకుంటూ నిదానంగా దాటాడు. మళ్ళీ దిబ్బ, మళ్ళీ ఆ కదిలే పెదవులు. నన్ను బండ మీద కూర్చోమని, అమ్మ మా వైపు పాయల్లో దిగి ఎదురెళ్ళింది. నడి ఏట్లో ఒక దిబ్బ మీద ఆయన మోచెయ్యి అందుకుంది. ఇద్దరూ కలిసి మిగతావి దాటుతుంటే నా గుండె మీద కూర్చున్న బరువు పాయ పాయకూ కాస్త కాస్త దిగింది. నేను ఆపకుండా స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నాను.

ఒడ్డెక్కాక అమ్మ తిట్లూ ఏడుపూ కలిపి మొదలుపెట్టింది. "చెప్తే వినరు! చిన్నప్పుడు నన్నైతే తొడపాశం పెట్టేవారు కదా, ఇప్పుడు మిమ్మల్ని ఏం చెయ్యాలి?"

"విన్నానుగా అమ్మాయ్. కాస్త ఆలస్యంగా విన్నాను" అన్నాడాయన, పళ్ళు టకటకలాడుతుంటే.

పొడి బట్టలు మార్చి, అమ్మ కోటు కప్పి, ఫ్లాస్కులోని టీ తాగించి, పులిహోర పెట్టాం. ఆయన ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. అప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ఇంకా చల్లగానే ఉన్న వేళ్ళతో నా జడ మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. ఇందాక ఏమని ప్రార్థించావే అని అడిగాడు. నీళ్ళు విడదీయమన్నాను, దేవుడు వినలేదు అన్నాను. నా గొంతులో అలక ఉంది.

ఆయన నా గడ్డం పట్టుకుని ఎగువకు తిప్పాడు. "అదిగో, విడదీసే ఉంచాడు కదే తల్లీ. నేనే కిందకొచ్చి నిలబడ్డాను" అన్నాడు.

ప్రతి దిబ్బ మీదా మీరేం అడిగారు తాతయ్యా అంటే, ఎదురుగా ఉన్న పాయ ఒక్కటీ దాటించమన్నాను, అవతలివి నాకెందుకు అన్నాడు.

ఆ ఆదివారం ఫోను ప్రార్థనలో జర్మనీలోనే కాట్‌బస్ అనే ఊళ్ళో చదువుకునే పిల్లవాడొకడు ఉన్నాడు. ఒంటరిగా గదిలో, జ్వరంతో, బయటికి అడుగు పెట్టకూడని స్థితిలో ఉన్నాడు. ఇన్ని రోజులు నా వల్ల కాదు అంకుల్ అని అతను ఏడిస్తే, తాతయ్య ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "ఇవాళ సాయంత్రం దాకా ఉండగలవా బాబూ? అంతవరకే అడుగుదాం. సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను" అన్నాడు. చేశాడు. మరునాడూ చేశాడు. అతను కోలుకుని లేచే దాకా చేస్తూనే ఉన్నాడు. ఆ తరువాత విమానాలు తిరిగాయి, ఆయన క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ కబురు విన్న రోజు అమ్మ వంటగదిలో మోకరించడం నాకు గుర్తుంది.

నాకూ వయసు మీద పడింది. ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న రోజులు ఉన్నాయి, ఒక బిడ్డను మట్టికి అప్పగించిన ఏడాది ఉంది. అలాంటప్పుడు నేను మొదట చేసేది, ఎక్కడ నిలబడ్డానో చూసుకోవడం. అన్నీ ఒక్కటై దూకే ఇరుకు దగ్గరే నిలబడి ఉంటాను, ప్రతిసారీ. అక్కడి నుంచి లేచి ఎగువకు నడుస్తాను. ఈ పూటకు ఏముందో అది మాత్రమే కనిపించే చోటు దాకా నడిచి, అప్పుడు అడుగుతాను. ప్రభువు ఇంతవరకూ నన్ను మధ్యలో వదిలిపెట్టలేదు.

ఇది చదువుతున్న మీ ముందు ఇప్పుడు ఏ నీళ్ళు ఉన్నాయో నాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. ప్రభువా, ఎదురుగా ఉన్న ఈ ఒక్క పాయ దాటించు. అవతలి గట్టు నీ చేతిలో ఉంది. ఆమేన్.