మొరగని కుక్కపిల్ల

మణుగూరులో గనుల కాలనీలు కొత్తగా లేస్తున్న రోజుల్లో సుబ్బరత్నం అక్కడికి బాల్వాడీ టీచరుగా వచ్చింది. ఒంటరి మనిషి. ఆదెమ్మ ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకుంది. "కుక్కల్ని గిట్ల తెస్తే ఊకోను," అని ఆదెమ్మ ముందే చెప్పింది.

అయినా అడవి పక్క పల్లెలో కొండమ్మ వాళ్ల కుక్క పిల్లలు పెట్టిందని తెలిసి సుబ్బరత్నం ఉండబట్టలేక వెళ్లింది. పిల్లలన్నీ కుయ్ కుయ్ మంటూ ఆమె కాళ్లకు చుట్టుకున్నాయి. ఒక్కటి మాత్రం గోడవారన చప్పుడు లేకుండా కూర్చుంది.

"హుషారుగున్నది తీస్కో టీచరమ్మా. అది నోరే ఇప్పదు," అంది కొండమ్మ.

"నాకదే కావాలె," అంది సుబ్బరత్నం.

గదిలో అది కాస్త మూలిగినా ఆమె చేత్తో మూతి నొక్కిపట్టేది. కొన్నాళ్లకు ఆ అవసరమే లేకపోయింది.

ఒకరోజు ఆదెమ్మ గదిలోకి వచ్చి దాన్ని చూసింది. సుబ్బరత్నం గబుక్కున అడ్డం వెళ్లింది. ఆదెమ్మ మాత్రం కుక్కపిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"ఇంత సక్కటిదాన్ని చీకట్ల దాస్తవా? అడిగితే కాదంటనా? అవ్‌గానీ బిడ్డా, ఇది మొరగదేంది?"

సుబ్బరత్నం తల దించుకుంది.

ఆనాటి నుంచి కుక్కపిల్ల వాకిట్లో తిరిగింది. ఎండాకాలం వచ్చేసరికి దారినపోయే మేకల్ని చూసి మొరగడం నేర్చింది. ఆదెమ్మ మురిసిపోయింది. సుబ్బరత్నం బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే ఆ గొంతు విని ఆగేది. ఆమె గేటు తీయగానే అది తోక ఊపుతూ ఎదురొచ్చేది, నోరు గట్టిగా మూసుకుని.