సుంగై పెటానిలో పటం దించేసిన గోడ

క్లాంగ్‌లో మా పక్కింటి ప్రీతమ్ అక్క ముప్పై ఏళ్లుగా సొంత అన్నతో మాట్లాడలేదు. సుంగై పెటాని గురుద్వారాలో భోజనాల గది గోడకు ఆయన, సిక్కులకు వేరే దేశంగా కోరుతున్న ఖలిస్తాన్ పటం తగిలిస్తే, అక్క భర్త “మన దేశం మలేసియా కదా, తీసేయండి” అన్నాడట. అంతటితో రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు అక్క కూతురి పెళ్లి. వాళ్లలో పెళ్లికూతురికి ఎర్రగాజులు తొడగాల్సింది మేనమామే. “ఒక్కదాన్నే వెళ్లి పిలవలేను, తోడు రా” అంది. గురుద్వారా లోపలికి నేనెప్పుడూ వెళ్లలేదు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆదివారం నాలుగింటికే లేచి దీపం పెట్టుకుని, కమ్యూటర్ రైల్లో కౌలాలంపూర్‌లోని కేఎల్ సెంట్రల్ చేరాను, అక్కతో కలిసి. అక్కడ ఏడు దాటాక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగున్నర గంటల ప్రయాణం, టికెట్ డెబ్బై రింగిట్ల పైచిలుకు. బుకిట్ మేరాలో రైలు చెరువు మధ్యలోంచి పోతుంటే చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుపోయాను. అక్క మాత్రం బయటికి చూడనే లేదు.

స్టేషన్ నుంచి కారుకి ఎనిమిది రింగిట్లు. “అబ్బ, ఏం ఎండ!” అన్నానో లేదో డ్రైవరు వెనక్కి తిరిగాడు, ఇక్కడి అందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తూ.

“ఏటమ్మా, తెలుగోళ్లా? మా పిల్లలకి తెలుగులో సెప్తే తమిళంలో జవాబిస్తారు లా! గురుద్వారాకా? పప్పు బాగుంటాది, కడుపు ఖాళీగా ఎల్లండి.”

ప్రార్థన అయ్యాక వరుసలో నేల మీద కూర్చున్నాం. రొట్టెల బుట్టతో వస్తున్న తెల్లగడ్డం పెద్దాయనే అన్న అని నా చెవిలో చెప్పి, అక్క తల వంచేసుకుంది. గుళ్లో ప్రసాదం తీసుకునే అలవాటున నేను కుడిచెయ్యి చాపాను. ఆయన ఆగిపోయాడు.

“ఒక్క చెయ్యా? ఇది లంచం కాదమ్మా, రొట్టె! రెండు చేతులూ పట్టాలి లా.”

వరుసంతా నవ్వింది. అక్క కూడా ఫక్కున నవ్వి తలెత్తింది. ఆయన చూశాడు. అక్క దోసిలి పట్టింది. ఒక రొట్టె పెట్టి కదల్లేదు. ఇంకోటి పెట్టాడు.

“చిక్కిపోయావు ప్రీతో.”

భోజనాలయ్యాక అక్క గోడవైపు చూసింది. అక్కడ పిల్లలు రాసిన పంజాబీ అక్షరాల కాగితాలున్నాయి.

“పటం ఏది, వీర్‌జీ?” అని అన్నని అడిగింది.

“నేనే దింపాను. ఒకప్పుడు మీటింగు పెడితే కుర్చీలు చాలేవి కావు. ఆఖరి మీటింగుకి నేనూ, టీ కెటిలూ! ఒకరోజు మనవరాలు అడిగింది, ఈ పటంలో మనిల్లు ఎక్కడ తాతా అని. ఎక్కడని చూపించను?” ఊడిపోతున్న ఒక కాగితాన్ని వేలితో నొక్కి అంటించాడు. “అప్పట్లో పంజాబ్ గొడవల్లో పోయినవాళ్ల బాధ మాత్రం పోలేదు. మీ ఆయన చెప్పింది నిజమే. నేనలా అన్నానని చెప్పకు.”

“నువ్వే వచ్చి చెప్పు. పెళ్లి వచ్చే నెల.”

ఆయన జేబులోంచి కళ్లజోడు, పెన్ను తీశాడు.

“పిల్ల గాజుల సైజెంత?”

అంత పెద్ద ఉద్యమం ఎందుకు చల్లారిందో చెప్పేంత చదువు నాకు లేదు. ఆ గది నుంచి మాత్రం ఎవరూ ఓడిపోయి వెళ్లినట్టు నాకనిపించలేదు. తిరుగు రైల్లో అక్క క్లాంగ్ దాకా పెళ్లి వంటల గురించి మాట్లాడుతూనే ఉంది. నేను మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను. మీరూ ఆదివారం వెళ్లాలనుకుంటే తిరుగు టికెట్ ముందే కొనుక్కోండి, సాయంత్రం రైళ్లలో సీట్లు తొందరగా నిండిపోతాయి.