ఉతకని చొక్కా

మా యూనిట్‌లో ఆమెను అందరూ టైలరక్క అనేవారు. ఇరవై ఏళ్లుగా సినిమాలకు బట్టలు కుట్టడం, ఉతికించడం, ఇస్త్రీ చేయించడం ఆమె పని. షాట్‌లో వాడిన ప్రతి బట్టకూ సీను నంబరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చుతుంది. చీటీ ఉన్నదేదైనా సాయంత్రానికి లాండ్రీ మూటలోకి పోవాల్సిందే. మేకప్ వేసే నన్ను, “ఆ స్పాంజి కడిగి ఎన్నాళ్లయిందే?” అని రోజూ దెప్పేది.

అలాంటి మనిషి ఒక్క చొక్కాను మాత్రం ఏడాదిన్నరగా ఉతకలేదు. పోయిన వాళ్లాయన చివరిరోజు విప్పిన గళ్ల చొక్కా అది. బెంగ పుట్టినప్పుడల్లా తీసి వాసన చూసుకునేది. ఆ సంగతి మా డైరెక్టరు చెవిన వేసింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే రోత.

మొగుడు పోయిన ఆడదాని దుఃఖం మీద సినిమా తీస్తున్నాడాయన. అడిగి తెచ్చుకున్న కెమెరా, రెండు గదుల ఇల్లు, పదకొండు మందిమి. చొక్కా మాట వినగానే అక్క వెంటపడ్డాడు.

“కొత్త చొక్కా ఇస్తే హీరోయిన్‌కి ఫీలింగ్ ఎక్కడ్నించి వస్తుందక్కా? నిజమైన దుఃఖం కావాలి. ఒక్క పూట ఇవ్వు, నీ కాళ్లు పట్టుకుంటా.”

“ఉతక్కూడదు బాబూ,” అంది అక్క. సరేనన్నాడు.

హీరోయిన్ చొక్కాను ముఖానికి ఆనించుకోగానే ముక్కు చిట్లించింది. “ఛీ, కంపు!”

ఎవరో కిసుక్కుమన్నారు. అక్క తల వంచుకుని ఇస్త్రీపెట్టె వైరు చుడుతూ ఉండిపోయింది. ఏడు టేకులు తీసినా కుదరక, మిగతాది రేపన్నారు. అక్క చెయ్యి అలవాటు కొద్దీ చొక్కాకు చీటీ గుచ్చేసింది.

మర్నాడు లాండ్రీ నుంచి వచ్చిన మూట విప్పితే చొక్కా ఇస్త్రీ మడతలతో మిలమిల్లాడుతోంది. అక్క దాన్ని ముఖానికి అదుముకుంది. కాలరు, చంకలు, జేబు లోపల కూడా వెతుక్కుంది. ఎక్కడ చూసినా సబ్బు వాసనే.

డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. “పోన్లే అక్కా, ఒకందుకు మంచిదే అయింది. తెర మీద వాసనొస్తుందా ఏంటి?”

కాళ్లు పట్టుకుంటానన్న నోరే అది. ఆ ముఖాన ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు. వెళ్లి హీరోయిన్ కళ్లలో గ్లిజరిన్ వేశాను. ఒక్క టేకులో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క వచ్చి చొక్కా అందుకుంది. ఈసారి చీటీ గుచ్చకుండానే తెచ్చి నా ఒళ్లో పడేసింది.

“స్పాంజి తుడుచుకోవే. ఇప్పుడిది ఉత్త గుడ్డే.”